క్షేమం అని రాసిన ఊరు

పొద్దున్నే పొయ్యి రాజేసి, నీళ్ళు మరిగేలోగా ఐతిమాయా ఒక కాగితం ముక్క మీద నాలుగు వాక్యాలు రాస్తుంది. పాత కేలండర్లను అరచేయంత ముక్కలుగా చింపి బిస్కెట్ల డబ్బాలో దాచుకుంటుంది, వాటి వెనకవైపు రాయడానికి. రాసిన ముక్కను నడికట్టులో దోపుకుని, మూడిళ్ళ అవతల ఉన్న తోడికోడలు నీమా గడప ముందుకు వెళ్ళి నిలబడుతుంది. లోపలికి వెళ్ళదు. అక్కడే నిలబడి మొదటి వాక్యం మాత్రం చదువుతుంది.

"చనిపోయినవాళ్ళు లేరు, దెబ్బలు తగిలినవాళ్ళు ఇద్దరు."

లోపలి నుంచి నీమా ఒక్క మాట అంటుంది.

"వెళ్ళు."

అప్పుడు ఐతిమాయా ఊరి పైనున్న నల్లబండ దగ్గరికి ఎక్కుతుంది. ఘ్యాంగ్‌దాండలో ఫోను పలికేది ఆ బండ మీద మాత్రమే, అదీ తూర్పు అంచున నిలబడితేనే. కాగితం మీది నాలుగు వాక్యాలనూ ఫోనులో కొట్టి కింద సల్లేబజారులోని ప్రభుత్వ కార్యాలయానికి పంపుతుంది. ఎవరికి ఏమైంది, దారి తెరిచి ఉందా, కొండ ఎక్కడ జారింది, బియ్యం ఎన్నాళ్ళకు సరిపోతాయి, అంతే. పంపాక అక్కడే కూర్చుని, అవతలి నుంచి "అందింది" అన్న జవాబు వచ్చేదాకా కదలదు. ఒక్కోసారి మధ్యాహ్నమైపోతుంది.

నీమా ఇదివరకు ఇలా ఒంటిమాట మనిషి కాదు. ఒకప్పుడు ఆమె గొంతు రెండు మడుల అవతలికి వినపడేది. పాలు పిండుతూ గేదెను తిట్టేది, గేదెను తిడుతూ మొగుణ్ణి తిట్టేది, మధ్యలో ఐతిమాయా కనపడితే ఆమెనూ వదిలేది కాదు.

ఐతిమాయా అక్షరాలు నేర్చుకున్నది ముప్ఫై దాటాక. భర్త మలేషియాలో చేతితొడుగులు చేసే కార్ఖానాకు వెళ్ళాడు. అతని మొదటి ఉత్తరాన్ని సల్లేబజారు దుకాణదారు చదివిపెట్టాడు. గట్టిగా, ఉప్పు కొనడానికి వచ్చినవాళ్ళందరూ వినేలా చదివాడు. "నీ దగ్గర పడుకున్నట్టు కలొచ్చింది" అన్న చోట వాళ్ళంతా నవ్వారు. ఐతిమాయా ఉప్పు మూట అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. ఆ చలికాలమే పెద్దల బడిలో చేరింది.

ఆ ఒక్క చలికాలం బడి నడపడానికి కింది నుంచి వచ్చిన దావా సర్ కట్టె పుచ్చుకుని పలక మీద ఉత్తరం ఎలా రాయాలో నేర్పాడు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళకు రాయవలసిన అవసరం ఇంకేముంది? "ముందు నమస్కారం. తర్వాత క్షేమం. అందరం క్షేమంగా ఉన్నాం, మీరు క్షేమమని తలుస్తాం అని రాయాలి. కష్టాలు ఆ తర్వాతే. దూరదేశంలో ఒంటరిగా ఉన్నవాడు మొదటి వరసలోనే చావు మాట చూస్తే గుండె ఆగి చస్తాడు. అర్థమైందా?" అర్థమైంది. ఐతిమాయా పన్నెండేళ్ళపాటు అలాగే రాసింది. కొండచిలువ మేకను మింగిన ఏడు అలాగే రాసింది. అత్తగారు పోయిన నెలలోనూ అలాగే మొదలుపెట్టింది. పక్కనే కూర్చుని వింటున్న నీమా చేతిలో బంగాళదుంప పక్కన పెట్టేసింది.

"ఏంటక్కా, అందరం క్షేమం అంటావు? అత్త క్షేమంగా పోయిందనా?"

"ముందు అలా రాయాలే. అది పద్ధతి."

"ఆహా. రేపు నేను చచ్చినా ఇలాగే రాస్తావన్నమాట. మేమందరం క్షేమం, నీమా కూడా క్షేమంగా కాలిపోయింది అని."

"ముందు ఆ దుంపలు కానివ్వు. నోరు తర్వాత."

రాయడం వచ్చిన ఆడమనిషి ఊళ్ళో ఆమె ఒక్కతే కాబట్టి ఆరోగ్య స్వయంసేవికను చేశారు. నీలం చీర, ఒక సంచి, ఒక పెద్ద రిజిస్టరు ఇచ్చారు. కడుపుతో ఉన్నవాళ్ళ లెక్క, పసిపిల్లల చుక్కల మందు లెక్క అందులో ఉండేవి. సల్లేబజారు కార్యాలయం నంబరు ఆ రిజిస్టరు అట్ట మీద రాసి ఉండేది.

భూమి కదిలిన ఆ శనివారం మధ్యాహ్నం ఊరంతా మొక్కజొన్న చేలల్లో ఉంది. నీమా మాత్రం ముల్లు గుచ్చుకున్న కాలితో ఇంటి దగ్గరే ఉండిపోయింది. మొదట కుక్కలు అరిచాయి. తర్వాత కొండ అడుగున లారీ ఏదో నడుస్తున్నట్టు మోత వచ్చింది. లారీ తిరిగే దారి ఆ కొండ మీద లేదు. చేతిలో కొడవళ్ళతో అందరూ నేల మీద బోర్లా పడిపోయారు. లేచి చూస్తే ఊరున్న చోట దుమ్ము ఉంది. దుమ్ము తగ్గాక చూస్తే యాభై ఎనిమిది ఇళ్ళూ రాళ్ళ కుప్పలై ఉన్నాయి. బౌద్ధుల గుడి గొంపాలో గంట వేలాడదీసిన కొయ్య ఒక్కటే నిలబడి ఉంది. నీమా ఇంటి ద్వారబంధం మీది బండ ఆమె ఎడమ కాలి మీద పడింది. నలుగురు మగాళ్ళు గడ్డపారలతో దాన్ని లేపేసరికి సాయంత్రమైంది.

నలుగురు చనిపోయారు. ఏడుగురికి గట్టి దెబ్బలు తగిలాయి. వాళ్ళను గొంపా పక్కన గడ్డిమైదానంలో వరసగా పడుకోబెట్టారు. కిందికి వెళ్ళే దారి ఉన్న కొండపక్క మొత్తం నదిలోకి జారిపోయింది. ఒంటరి మనిషి వేర్లు పట్టుకుని దాటగలడేమో గాని, వీపున మనిషిని మోసుకుని ఎవరూ దాటలేరు.

ఆదివారం తెల్లవారగానే ఐతిమాయా రిజిస్టరు పట్టుకుని రాళ్ళ కుప్పలన్నిటి దగ్గరికీ తిరిగింది. ఒక్కో కుప్ప ముందు నిలబడి, "ఈ పొయ్యి మీద ఎంతమంది తినేవాళ్ళు? ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?" అని అడిగింది. పై మేతబీళ్ళలో పశువుల దగ్గరున్నవాళ్ళను వేరుగా రాసుకుంది. కూలిన పొయ్యిలు, ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు, తిండి, మందులు, రెక్కలు తిరిగే విమానం, అదే హెలికాప్టరు, దిగడానికి చదునుగా ఉన్న గొంపా మైదానం, అన్నీ రాసుకుంది. ఒక్క అంకె తప్పు లేదు. ఆ తర్వాత ఎన్ని కార్యాలయాల వాళ్ళు వచ్చి లెక్క తీసినా ఆ అంకెలే వచ్చాయి.

అప్పుడు నల్లబండ ఎక్కింది. ఫోనులో ఛార్జింగు ఒక్క గీత మిగిలింది. అది పాత ఫోను, ఒక్కో కబురుకు కొన్ని అక్షరాలే పట్టేవి. అందుకని ఉత్తరానికి పేజీలు రాసినట్టు నాలుగు కబుర్లుగా రాసింది. పద్ధతి తప్పలేదు. ఆమెకు వేరే పద్ధతి తెలిస్తేగా తప్పడానికి!

"కార్యాలయం వారికి ఘ్యాంగ్‌దాండ ఐతిమాయా తమాంగ్ నమస్కారములు. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను."

మొదటి పేజీ అక్కడితో నిండిపోయింది. "ఆపై సంగతులు ఏమనగా" అని రెండోది మొదలైంది. చావులు అందులో ఉన్నాయి, దెబ్బలు మూడోదానిలో, మైదానం నాలుగోదానిలో. ఒకదాని వెనక ఒకటి నొక్కింది. తెర మీద కాగితం కవరు రెక్కలు కట్టుకుని ఎగిరే బొమ్మ వచ్చింది. అది ఎగురుతూ ఉండగానే ఫోను ఆరిపోయింది.

"వెళ్ళింది," అంది కిందికి దిగి వచ్చి. అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. "నా కళ్ళతో చూశాను. రేపు వస్తారు."

నీమా పళ్ళు బిగపట్టి పడుకుని ఉంది. అయినా నోరు ఊరుకోలేదు. "ఏం రాశావక్కా ప్రభుత్వానికి? దాని పెళ్ళాం పిల్లలంతా బావున్నారా అని అడిగావా?"

"అడిగానే. క్షేమమని తలుస్తానని రాశాను."

నీమా నవ్వబోయింది. నవ్వు కాలిదాకా పోయి అరుపై బయటికొచ్చింది.

సోమవారం ఎవరూ రాలేదు. విమానాలు రెండు వచ్చాయి. రెక్కలు గింగిరాలు కొడుతూ వచ్చి, ఘ్యాంగ్‌దాండ తల మీదుగానే ఉత్తరంగా వెళ్ళిపోయాయి. ఆడవాళ్ళు ఎర్ర చీరలు పరిచారు, పచ్చి ఆకులతో పొగ పెట్టారు. మంగళవారం ఐదు వెళ్ళాయి. ఆ రోజు నీమా మొగుడు బీర్‌మాన్ నడుముకు తాడు కట్టుకుని వచ్చాడు.

"వదినా, నేను సల్లేబజారు పోయొస్తాను. జారుడు దాటేస్తా. మొహం మీదే అడిగేస్తా."

"దేనికి? కబురు వెళ్ళింది కదా."

"వెళితే ఏరీ?"

"మన ఒక్క ఊరేనా వాళ్ళకి? వరసలో వస్తారు. నువ్వు దారిలో కొట్టుకుపోతే నీమాకి నీళ్ళెవరు పోస్తారు? విమానం వచ్చాక ఈ ఏడుగుర్ని ఎత్తి ఎక్కించేదెవరు, నేనూ దోర్జే తాతానా?"

పక్కటెముకలు విరిగి పడుకున్న దోర్జే తాత కళ్ళు తెరిచాడు. "నన్ను కలపకే తల్లీ, ఎత్తాల్సిన మూటల్లో నేనూ ఒకణ్ణి."

బీర్‌మాన్ తాడు విప్పేశాడు. చదువుకున్న వదిన మాట మీద అతనికి గురి.

బుధవారం వాన మొదలైంది. వడ్ల గోనెలు, దుప్పట్లు కలిపి కట్టిన పందిరి కింద ఏడుగురినీ దగ్గర దగ్గరగా జరిపారు. ఐతిమాయా సంచిలో ఉన్నవి రక్తం పట్టే మాత్రలు, విరేచనాల పొడి, జ్వరం బిళ్ళలు పదకొండు. జ్వరం బిళ్ళలను సగాలు చేసి పంచింది. ఉప్పునీళ్ళు కాచి నీమా కాలు కడిగింది, పసుపు అద్దింది. గురువారానికి ఆ కాలి దగ్గర నుంచి వాసన రావడం మొదలైంది. పొగ దగ్గరగా పెట్టి వాసన తెలియకుండా చూశారు గాని, నీమాకు తెలియకుండా ఉంటుందా?

"నా కాలు నాకంటే ముందు పోతోందక్కా."

"నోర్ముయ్యవే."

"నేను మూస్తాలే. నువ్వు నిజం చెప్పు. వాళ్ళకి మన ఊరు కనపడట్లేదా?"

"కనపడుతుంది. రాశాను కదా, గొంపా పక్కన మైదానం అని కూడా రాశాను."

శుక్రవారం పొద్దున దిండో సంకటి తినిపించబోతే దోర్జే తాత నోరు తెరవలేదు. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియలేదు. కట్టెలు తడిసి ఉన్నాయి, కాల్చడానికి సాయంత్రం దాకా పట్టింది. పొగలో నుంచి మరో విమానం ఉత్తరంగా పోయింది. ఈసారి ఎవరూ చీర ఊపలేదు. నీమా ఎగతాళి చెయ్యలేదు. ఐతిమాయా చెయ్యి పట్టుకుని అడిగింది.

"అక్కా. నిజంగా వెళ్ళిందా నీ కబురు?"

ఐతిమాయా రెండో చెయ్యి నడికట్టులోని ఆరిపోయిన ఫోను మీదికి పోయింది. అది నీమా చూసింది.

శనివారం తెల్లవారుతుండగా ఐతిమాయా రిజిస్టరును ప్లాస్టిక్ సంచిలో చుట్టి వీపుకు కట్టుకుంది. జారుడు దగ్గర చెప్పులు విప్పి మెడలో వేసుకుంది. కింద నది బురద రంగులో ఉంది. పైనుంచి రాళ్ళు ఒకటీ అరా దొర్లుతున్నాయి. ఒక వేరు పట్టుకుంటే ఊడివచ్చింది, రెండోది నిలిచింది. మధ్యలో ఒక చోట పూర్తిగా కదలలేక ఏడ్చింది. ఏడ్చినందువల్ల ఎవరూ రారని తెలిసి మళ్ళీ పాకింది. ఆ పగలు ఒక కూలిన ఊళ్ళో ఎవరో ఉడికించిన దుంపలు ఇచ్చారు. ఆదివారం మధ్యాహ్నానికి సల్లేబజారు చేరింది.

కార్యాలయం కూలిపోయింది. బడి మైదానంలో గుడారం వేసి అందులో పెట్టారు. లోపల ఒక చెక్క మీద పెద్ద కాగితం అంటించి, ఊళ్ళ పేర్లు రాసి, ఒక్కో పేరు పక్కన రంగు చుక్క పెట్టారు. ఎర్ర చుక్కలే ఎక్కువ. కాగితం పైనుంచి కిందికి ఒక్కో పేరూ వేలితో చూసుకుంటూ వచ్చి ఐతిమాయా ఆగింది. ఘ్యాంగ్‌దాండ పక్కన పచ్చ చుక్క ఉంది. మొత్తం కాగితం మీద పచ్చ చుక్క అదొక్కటే.

బల్ల దగ్గర ఉన్న గుమాస్తా పేరు దీర్ఘరాజ్. తొమ్మిది రోజులుగా చొక్కా మార్చినట్టు లేదు.

"బాబూ, ఈ పచ్చ ఏంటి?"

"పచ్చంటే ఇబ్బంది లేని ఊరమ్మా. మీది ఎర్రదా? ఏ ఊరు?"

"ఘ్యాంగ్‌దాండ."

అతని మొహం వెలిగింది. అది ఆమె ఎన్నటికీ మర్చిపోలేదు. "ఘ్యాంగ్‌దాండా! మీ ఊరి నుంచి ఎవరో తల్లి కబురు పెట్టింది. నూట ముప్ఫై ఊళ్ళలో క్షేమం అన్న ఊరు మీదొక్కటే. ఆ పూట మా ఇంట్లోనే ఇద్దరు పోయారు. ఆ కబురు చదివి, పోనీ ఒక్క ఊరైనా మిగిలింది కదా అని ఏడ్చేశానమ్మా. చూడండి."

తన ఫోను తెరిచి చూపించాడు. ఆమె తన మాటలే చదువుకుంది. ఇక్కడ మేమందరం క్షేమం. కింద ఖాళీగా ఉంది.

"తర్వాతవి?"

"తర్వాతవేంటి?"

"నాలుగు పేజీలు బాబూ. నాలుగు పంపాను."

అతను ఆమె చేతిలోని చచ్చిన ఫోను తీసుకుని, కరెంటు పుట్టించే మోటారు దగ్గర వేలాడుతున్న తీగల్లో ఒకటి గుచ్చాడు. పది నిమిషాలకు ఫోను వెలిగింది. కొంచెం సేపటికి ఎగిరే కవరు బొమ్మ వచ్చింది. దీర్ఘరాజ్ చేతిలోని ఫోను ఒకసారి మోగింది. మళ్ళీ మోగింది. మూడోసారి మోగింది. అతను చదువుతున్నాడు. ఆపై సంగతులు ఏమనగా. నలుగురు చనిపోయారు. ఏడుగురికి దెబ్బలు. గొంపా పక్కన మైదానం.

"ఇవెందుకమ్మా ముందు రాయలేదు?" అన్నాడు. అది అరుపు కాదు. పసివాడు అడిగినట్టు అడిగాడు. "క్షేమమని ఎందుకు రాశావు తల్లీ?"

"ఉత్తరం అలాగే కదా రాస్తారు."

అతను తల పట్టుకున్నాడు. అతనికీ తెలుసు, ఉత్తరం అలాగే రాస్తారు. ఇంటికి అతనూ అలాగే రాసేవాడు. "ఏడుగురు కదా?" అన్నాడు లేస్తూ.

"ఆరుగురు," అంది ఐతిమాయా. "ఒకాయన మొన్న పోయాడు."

సోమవారం పొద్దున విమానం ఘ్యాంగ్‌దాండకు వెళ్ళింది. బియ్యం మూటలు నింపడం వల్ల ఆమెకు చోటు లేకపోయింది. నడిచి ఊరు చేరేసరికి మైదానంలో ఆరు ఆకారాల మేర నలిగిన గడ్డి మాత్రం ఉంది.

నీమా కాలిని తొడ దాకా తీసేశారు. రెండ్రోజులు ముందొస్తే మోకాలు మిగిలేదని డాక్టరు బీర్‌మాన్‌తో అన్నాడట. వానాకాలం నడుమ అతను భార్యను డోకో బుట్టలో కూర్చోబెట్టుకుని, నుదుటి పట్టీ మీద బరువంతా వేసుకుని, కొత్తగా తొలిచిన దారిలో రెండు రోజులు ఎక్కి తీసుకొచ్చాడు. రేకుల పాకలో దింపాడు. ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది. అందరూ వెళ్ళాక ఐతిమాయా ఉండిపోయింది. మొదటి పేజీ ఒక్కటే చేరిన సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు.

చెప్పింది. పచ్చ చుక్క గురించి కూడా చెప్పింది.

బీర్‌మాన్ ముందుగా మాట్లాడాడు. "మంగళవారం తాడు కట్టుకుని వచ్చాను వదినా. ఆపావు." అంతే అని బయటికి వెళ్ళిపోయాడు.

నీమా పైకప్పు రేకుల వైపు చూసింది. వాన చప్పుడు చేస్తోంది.

"ఆ కబురు నీ ఫోనులో ఉందా?"

"ఉంది."

"చదువు."

ఐతిమాయా చదవడం మొదలుపెట్టింది. కార్యాలయం వారికి నమస్కారములు. ఇక్కడ మేమందరం క్షేమం.

"చాలు," అంది నీమా. "అత్త పోయినప్పుడే చెప్పాను కదక్కా నీకు."

నీమా ఆమెను అక్కా అని పిలవడం అదే ఆఖరు. తర్వాత ఏడాదిపాటు ఆ ఇంటి పాలు కూడా ఇటు రాలేదు. ఎదురుపడితే నీమా కర్ర మీద ఆగి, ఐతిమాయా దాటిపోయేదాకా కొండవైపు చూసేది.

మరుసటి వానాకాలానికి ముందు సల్లేబజారు నుంచి దీర్ఘరాజ్ ఒక కొత్త ఫోను, ఎండతో ఛార్జింగు అయ్యే పలక పంపాడు. రోజూ పొద్దున ఒక కబురు పంపాలని ఐతిమాయాకు చెప్పించాడు. ఆమె వద్దంది. ఇంకెవరికి రాయడం వచ్చని అడిగారు. మొదటి రోజు కాగితం ముందు కూర్చుంటే చెయ్యి తనంతట తానే "ఇక్కడ మేమందరం" దాకా రాసేసింది. ఆ కాగితాన్ని పొయ్యిలో వేసింది. మరోటి రాసింది. అయినా తన రాత మీద తనకు నమ్మకం లేకపోయింది. ఎవరికైనా చూపిద్దామంటే చదవడం వచ్చినవాళ్ళు ఊళ్ళో మిగల్లేదు. చాలాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి నీమా గడప ముందు నిలబడింది.

"నీమా, ఇది పంపాలి."

ఐతిమాయా చదివింది. "కింది దారి జారిపోయింది. మనుషులకేమీ కాలేదు. తిండి పది రోజులకు—"

"మొదటిదొక్కటే," అంది లోపలి నుంచి నీమా.

"కింది దారి జారిపోయింది."

లోపల కర్ర చప్పుడైంది. ఆగింది.

"వెళ్ళు."

అప్పటి నుంచీ ఆ ఇద్దరి మధ్య నడిచే మాట అదొక్కటే. పండక్కీ, చావుకీ దానికి ఇంకొకటి కలవలేదు. భర్త మలేషియా నుంచి వచ్చేసి నాలుగేళ్ళయింది. ఐతిమాయా ఇప్పుడు ఎవరికీ ఉత్తరాలు రాయదు.

ఆమెకు యాభై రెండేళ్ళు. మోకాళ్ళు అరిగాయి. నల్లబండ దగ్గరికి ఎక్కడానికి ముప్పావు గంట పడుతుంది.